చెయ్యెత్తేదాకా ఆగని పాట

ఆదివారం మధ్యాహ్నం హైదరాబాదులో ఒక క్లబ్బు వెనకాల, గ్లాసులు కడిగే తొట్టి దగ్గర నిలబడి నేను చింతపండుతో ట్రంపెట్లు తోముతాను. తడి ఇత్తడి మీద చింతపండు పిసికితే ఒక వాసన వస్తుంది, పుల్లగా, కొంచెం నెత్తురు వాసనలాగా. బార్‌లో పనిచేసే పిల్లలు మొదట్లో ముక్కు మూసుకుని, "ఏంది మేడం, ఇయ్యాల పులిహోరనా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఇప్పుడు వాళ్లే వంటింట్లోంచి అడగకుండా చింతపండు తెచ్చి పెడుతున్నారు. సీసాల్లో పాలిష్ దొరుకుతుందని నాకూ తెలుసు. కాని ఆ వాసన ముక్కుకు తగిలితే తప్ప నాకు ఆదివారం మొదలైనట్టుండదు. దానితోపాటే మా పెద్దబాపు కూడా వచ్చి పక్కన నిలబడి, "గట్ల గీకుతె ఇత్తడి అరుగుతది బిడ్డా, మెల్లగ రుద్దు, మెల్లగ" అని విసుక్కుంటాడు. ఆయన పోయి చాలా రోజులైంది. విసుక్కోవడం మాత్రం మానలేదు.

ఇది చదివేవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఉండరు. కోరుట్ల వైపు పెండ్లిళ్లకు వచ్చినవాళ్లు చూసి ఉండొచ్చు, కాని బ్యాండువాళ్ల మొఖాలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు! నీలం కోటు, భుజాల మీద బంగారు కుచ్చులు, నల్లరంగు వేసిన మీసం, నోట్లో క్లారినెట్టు. పేరు ఆశీర్వాదం. బ్యాండు మాస్టరు. వరుసకు మా నాయినకు అన్న, మా ఇంటికి ఆయన ఇంటికి మధ్యన ఒక్క గోడ. మాకు భూమి లేదు, ఆయనకూ లేదు. మావాళ్లంతా కూలికి పోతే, ఆయన మాత్రం చిన్నప్పుడే ఒక ముసలి బ్యాండు మాస్టరు దగ్గర చేరి ఊదడం నేర్చుకున్నాడు. తిక్కమనిషి. కోటుకు ఒక్క గుండీ ఊడినా బరాత్, అంటే పెండ్లి ఊరేగింపు, మొదలుపెట్టేవాడు కాదు. పెండ్లికొడుకు గుర్రమెక్కి కూర్చున్నా సరే, సూదీ దారం వచ్చేదాకా అందరూ ఆగవలసిందే.

బరాత్‌లో ఆయన నడక చూడాలి. మిగతా బ్యాండ్లు జనానికి వీపు చూపిస్తూ ముందుకు నడిచేవి. మా పెద్దబాపు వెనక్కి నడిచేవాడు. ఎగిరేవాళ్ల వైపు మొఖం పెట్టి, వాళ్ల కాళ్లు చూస్తూ, ఎనకముందు చూసుకోకుండా గుంతలు దాటుకుంటూ ఊరంతా అట్లాగే నడిచేవాడు. ఒకసారి మురికికాలువలో పడ్డాడు కూడా. పడ్డా క్లారినెట్టు నోట్లోంచి తియ్యలేదని మా వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. సగం అబద్ధమే అయ్యుంటుంది, కాని ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఆయన దగ్గర ఒక పాట ఉండేది. దానికి పేరు లేదు. పెండ్లికొడుకు బట్టలు వేసుకుని బయటికి వచ్చేదాకా జనం విసుగెత్తిపోకుండా వాయించేది. మేమంతా దాన్ని 'పెండ్లికొడుకు తయారయ్యే పాట' అనేవాళ్లం. సినిమా పాట కాదు, భజన కాదు, మరి ఏమిటంటే ఎవరికీ తెలియదు. ఆయన గురువు వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాదు క్లబ్బుల్లో దొరల డాన్సులకు వాయించేవాడట, అక్కడినుంచి తెచ్చిన పాటట. చిన్నప్పుడు ఆ పాట వినపడితే మాకు ఒకటే అర్థం: పెండ్లికొడుకు ఇంకా ప్యాంటు వేసుకుంటున్నాడని.

చదువైపోయి హైదరాబాదులో ఉద్యోగం దొరికాక, ఆఫీసులో ఒకామె పోరు పడలేక డాన్సు క్లాసులో చేరాను. స్వింగ్ అంటారు దాన్ని. తాతల కాలంనాడు అమెరికాలో నల్లవాళ్లు పుట్టించిన సంగీతం, దానికి తగిన డాన్సు. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని, మోకాళ్లు వదులుగా పెట్టి, ఊగుతూ తిరుగుతూ చేస్తారు. మళ్లీ ఇప్పుడు క్లబ్బుల్లో కుర్రవాళ్లకు దాని మీద మోజు పుట్టింది. మొదటిరోజే టీచరు ఒక పాట పెట్టింది. రెండు అడుగులు వేశానో లేదో, నాకు నవ్వు ఆగలేదు. అది మా పెండ్లికొడుకు తయారయ్యే పాట! క్లాసంతా నన్ను వింతగా చూస్తోంది. నేను అక్కడే కోరుట్లకు ఫోన్ చేసి, పెద్దబాపును ఇనుమని, ఫోను స్పీకరు దగ్గర పెట్టాను.

ఆయన పాట చివరిదాకా విన్నాడు. తర్వాత, "ఎవలి పెండ్లి?" అన్నాడు.

"పెండ్లి కాదు పెద్దబాపూ, డాన్సు క్లాసు. ఇది అమెరికోళ్ల పాటనట."

"అమెరికోళ్లదా? మా పాట వాళ్లకెట్ల పోయింది?"

"మీ పాట వాళ్లకు పోవుడు కాదు, వాళ్లదే మీకచ్చింది. నువ్వు పుట్టకముందుదట."

"ఏడిసిన్రు తియ్. నడుమల ముక్క తప్పు వాయిస్తున్నరు, చెప్పు వాళ్లకు."

తప్పు ఆయనదేనని తర్వాత తేలింది. గురువు మరిచిపోయిన ఒక ముక్కను ఈయన సొంతంగా అల్లి అతికించుకున్నాడు. ఆ సంగతి చెబితే నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఆ ఎండాకాలమే ముత్యంపేటలో తెలిసినవాళ్ల పెండ్లి జరిగింది. నేనూ పోయాను. బరాత్‌కు పెద్ద డీజే బండి తెచ్చారు, ఇంటి అద్దాలు అదిరిపోతున్నాయి. అప్పటికే మా పెద్దబాపుకు పిలుపులు తగ్గిపోయాయి. అయినా ఆ ఇంట్లో ఏ పెండ్లికైనా ఆయన బ్యాండే కదా, పిలిచారు. ఎందుకు పిలిచారో అక్కడికి పోయాక తెలిసింది. వీడియో తీసే పిల్లగాడు వచ్చి, "అంకుల్, మీరు డ్రెస్సుల మంచిగున్నరు. లైన్ల నిలబడి ఊదినట్టు చెయ్యిన్రి. ఊదకున్రి, డీజే సౌండు ఖరాబయితది" అన్నాడు.

ఊదినట్టు చేశాడు మా పెద్దబాపు. బుగ్గలు ఉబ్బించి, వేళ్లు కదిలిస్తూ, చప్పుడు లేకుండా. వెనకాల ట్రంపెట్లవాళ్లు కూడా అంతే. నాకు ఆ పిల్లగాడి కెమెరా గుంజి బావిలో పారేద్దామన్నంత కోపం వచ్చింది. ఆయన మాత్రం ఇంటికి వచ్చి, కోటు మడతపెట్టి పెట్టెలో పెట్టి, అప్పుడన్నాడు.

"ఊదనియ్యక ఊదెటోని లెక్క నిలవెట్టిన్రు. నేనేమన్న బొమ్మనా? ఇగ చాలు. పాత ఇత్తడి కొనె జగిత్యాల సేటుకు చెప్పిన, బాజాలన్ని అమ్మేస్త."

"అమ్ము, ఇల్లన్న ఖాళీ అయితది" అంది సువార్తమ్మ పెద్దమ్మ. పెండ్లయిన నాటినుంచి ఆ క్లారినెట్టును సవతి అని తిట్టిపోసిన మనిషి. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అమ్మితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ బ్యాండు తప్ప ఆయనకు వేరే ప్రాణం లేదు. అప్పటికి మా డాన్సు గుంపు ప్రతి ఆదివారం సాయంత్రం ఒక క్లబ్బులో కలిసేది. రాత్రి జనం వచ్చేలోపల ఆ హాలు ఎట్లాగూ ఖాళీగా ఉంటుందని ఇచ్చేవాళ్లు. అక్కడ మేనేజరు, నిజం బ్యాండు ఉంటే ఇంకా మంది వస్తారని ఎప్పుడూ అంటుండేవాడు. నాకు తెలిసిన బ్యాండు ఉందన్నాను. అతను రెండు ఆదివారాలు ఇచ్చాడు. నచ్చితే ప్రతివారం, లేకపోతే మళ్లీ ఆ మాట ఎత్తొద్దన్నాడు. కోరుట్ల పోయి, ఆ రెండు ఆదివారాలు అయ్యేదాకా సేటును ఆపమని పెద్దబాపు కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను.

"నిజంగ ఊదనిస్తరా?" అన్నాడు. అదొక్కటే అడిగాడు.

మొదటి ఆదివారం బ్యాండు వ్యాను కోరుట్లలో బయలుదేరి, సిరిసిల్లలో నర్సయ్య కాకను ఎక్కించుకుని వచ్చింది. నర్సయ్య కాక మామూలు రోజుల్లో సాంచెల మీద బట్ట నేస్తాడు, పెండ్లిళ్లకు డ్రమ్ము కొడతాడు. స్టేజీ మీద కుర్చీలు వేసి ఉంటే, వాటిని చూసి ఇద్దరూ తెల్లబోయారు. కూర్చుని వాయించడం ఏమిటి! కుర్చీలన్నీ గోడకు నెట్టేశారు. పాట మొదలైంది. అబ్బ, ఏం మోత అది! మైకులో వినే పాట వేరు, ఎదురుగా ఇత్తడి గర్జిస్తుంటే వినే పాట వేరు. హాలంతా ఒక్కసారిగా లేచింది. నేనైతే గెలిచామనే అనుకున్నాను.

కాని పాట ఆగలేదు. ఎంతసేపటికీ ఆగలేదు. ఆడేవాళ్లకు చెమటలు పట్టాయి, ఆయాసం వచ్చింది, ఒక్కొక్కరే పోయి కూర్చోవడం మొదలుపెట్టారు. బరాత్‌లో జనం చల్లబడితే మళ్లీ లేపడం బ్యాండు ధర్మం. అందుకని మా పెద్దబాపు పాట వేగం పెంచాడు. ఇంకొందరు కూర్చున్నారు. అప్పుడాయన స్టేజీ దిగాడు. వెనకాలే బ్యాండంతా దిగింది. వెనక్కి నడుస్తూ, కూర్చున్నవాళ్ల ముందుకు పోయి, మొఖంలో మొఖం పెట్టి ఊదుతున్నారు. ఒకమ్మాయి ఉలిక్కిపడి గ్లాసు ఒంటి మీద ఒంపుకుంది. మేనేజరు మైకులు బంద్ చేయించాడు. ఇత్తడికి మైకులెందుకు? నేను ఆపు పెద్దబాపూ, ఆపు అని అరుస్తున్నాను, ఎవరికి వినబడుతుంది! ఊరేగింపు అన్నాక ఎక్కడికో ఒకచోటికి పోవాలి కాబట్టి, వాళ్లు అట్లాగే వాయించుకుంటూ తలుపు దాకా పోయారు. అక్కడ వాచ్‌మెన్, బయటికి పోవద్దని అడ్డంగా చెయ్యెత్తాడు.

అంతే. బ్యాండంతా టక్కున ఆగిపోయింది.

వ్యానులో తిరిగిపోయేటప్పుడు నేనూ వాళ్లతో కోరుట్ల దాకా పోయాను. దారిలో నేనే ఉండబట్టలేక, "మొత్తుకుంటున్న గదా, ఎందుకు ఆపలేదు?" అన్నాను.

ఆయనకూ కోపం నషాళానికంటింది. "పెద్దమనిషి ఏడి? చెయ్యెత్తెటోడు లేకపోతె ఎట్ల ఆపుత? ఇరుగుపొరుగోళ్లు మస్తుమంది మొత్తుకుంటరు. చెయ్యెత్తాలె."

అప్పుడు అర్థమైంది నాకు. బరాత్‌లో పెండ్లింటి పెద్దమనిషి చెయ్యెత్తితేనే పాట ఆగుతుంది. బ్యాండువాళ్లు తమంతట తాము ఆపితే పెండ్లికి అపశకునం, పెండ్లివాళ్లు కొట్టినంత పనిచేస్తారు. ఇంతకాలం ఊదిన మనిషి, ఒక్కనాడు కూడా పాటను తాను ముగించలేదు. ఆయనకు ముగించడం రాదు. వాచ్‌మెన్ ఆ చెయ్యి ఎత్తకపోయుంటే, మేడ్చల్ దాకా పోయేవాళ్లేమో.

"ఇప్పుడు ఏం జేద్దాం మరి?" అన్నాడు నర్సయ్య కాక.

పెద్దబాపు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏం జేసుడు ఏంది, పెద్దమనిషి మన బండ్లనే ఉంది. రూతు ఎత్తుతది" అన్నాడు.

రూతు అంటే నేనే. నేను డాన్సు చేస్తాను కదా అంటే, చేసుకుంటూనే ఎత్తమన్నాడు.

చెయ్యెత్తడం కూడా ఒక పని అని నాకు సిరిసిల్లలో తెలిసింది. నర్సయ్య కాక బిడ్డ పెండ్లి ఆ వారంలోనే వచ్చింది. డీజే వద్దని, బ్యాండే పెట్టుకున్నాడు. సాయంత్రం పూట, సాంచెల చప్పుడు వినిపించే వీధుల్లో బరాత్ పోతోంది. నన్ను పట్టుకొచ్చి జనం ముందర నిలబెట్టారు. ఎవరో ముసలాయన, "ఆడివిల్ల చెయ్యెత్తుడేంది? ఎన్నడన్న ఉన్నదా?" అని గొణిగాడు. నర్సయ్య కాక డ్రమ్ము ఆపకుండానే, "నా బిడ్డ పెండ్లి. నేనే చెప్పిన" అన్నాడు.

గుంపులో నల్లద్దాలు పెట్టుకున్న కుర్రవాడొకడు విరగదీసి ఎగురుతున్నాడు. అందరిలాగే నేనూ వాడినే చూస్తున్నాను. వాడు కాస్త ఆగగానే చెయ్యెత్తాను. పాట ఆగింది. మా పెద్దబాపు క్లారినెట్టు నోట్లోంచి తీసి అందరి ముందే నన్ను తిట్టడం మొదలుపెట్టాడు.

"ఆని దిక్కు ఏం జూస్తవే? ఆడు తెల్లారెదాక ఎగుర్తడు. గా పచ్చచీర ముసలమ్మను సూడు. పాణం ఆగక ఎగరనచ్చింది, మోకాళ్లల్ల సత్తువ లేదు. కూసునెటందుకు జాగ దేవులాడుతాంది. గప్పుడే ఎత్తాలె చెయ్యి. కూసున్నంక ఎత్తితె ఏం ఫాయిద?"

"ఆమె కూసుంటె ఏమయితది?"

"ఒకలు కూసుంటె పక్కపొంటి ఇంకొకలు కూసుంటరు. ఇంక ఎగరాలె అని ఉన్నప్పుడే ఆపు. అప్పుడు ఇంకో పాటకు కూడ వాళ్లే లేస్తరు. జర మనుసుల మొఖాలు సూడు బిడ్డా, కాళ్లు నేను సూస్త."

పచ్చచీర ముసలమ్మ అప్పటికే ఒక అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె ఆ సాయంత్రం మళ్లీ లేవలేదు. తర్వాతి వీధిలో నేను సరిగ్గా ఎత్తాను. ఆ తర్వాతిది కూడా. పెద్దబాపు మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఆయన దగ్గర అదే ఎక్కువ.

రెండో ఆదివారం నాకు అన్నం సయించలేదు. ఆ రోజు పోతే అన్నీ జగిత్యాల పోతాయి. హాల్లో మొదటి వారం వచ్చినవాళ్లు సగమే వచ్చారు. కొత్తవాళ్లలో ఒక లావుపాటి కళ్లద్దాలాయన, భార్య చెయ్యి పట్టుకుని బెరుకుగా నిలబడ్డాడు. ఎన్నడూ డాన్సు చేసిన మనిషి కాదని చూస్తేనే తెలుస్తోంది. పాట మొదలవగానే నేను ఆయన్నే చూస్తూ ఆడాను. తడబడ్డాడు, భార్య కాలు తొక్కాడు, కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు. ఇంకాసేపటికి ఆయన కళ్లు ఒక్కసారి కుర్చీ వైపు పోయాయి. నేను చెయ్యెత్తాను.

బ్యాండు ఆగింది. ఆయన ఒక కాలు గాలిలో పెట్టి, "అరె, అయిపోయిందా?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. తర్వాతి పాటకు ఆయనే అందరికంటే ముందు భార్యను లాక్కుని వచ్చాడు. ఆ సాయంత్రం ఎవరూ కూర్చోలేదు. చివర్న మేనేజరు వచ్చి, వచ్చే ఆదివారం కూడా ఇదే టైమా అని అడిగాడు, అంతే. నాకు ఏడుపొచ్చింది. బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మా పెద్దబాపు మాత్రం వ్యానెక్కినప్పటినుంచీ ఫిర్యాదులే. నేల జారుతోందట, దీపాలు కళ్లలో పొడుస్తున్నాయట. "అన్నిటికంటె ఎక్కువ ఏందంటె, ఇంతసేపు ఎగిరి ఏడికి పోయిన్రు? ఉన్నకాన్నే ఉన్నరు! గదేం డాన్సు?" అన్నాడు. ఆయన తృప్తి కోసం మేనేజరును బతిమాలి, ఆఖరి పాటకు మాత్రం బ్యాండు వాయించుకుంటూ బయట బండ్లు ఆపేచోటి దాకా నడిచేట్టు ఒప్పించాను. ఇప్పుడు అదంటేనే అందరికీ ఇష్టం. సేటు ఫోన్ చేస్తే పెద్దమ్మే ఎత్తి, "అమ్ముడు లేదు గిమ్ముడు లేదు, పెట్టేయ్" అందట.

ఆ తర్వాత పెద్దబాపు చాలా ఆదివారాలు వాయించాడు. మీసానికి రంగు మానలేదు. కళ్లద్దాలాయనకు దోస్తయిపోయి, ఆయన ఇంట్లో పుట్టినరోజుకు వాయించి, కేకు తిని వచ్చాడు. చివరికి ఊపిరితిత్తులు మొండికేశాయి. డాక్టరు ఊదొద్దన్నాడు. ఊదకపోతే ఎందుకు బతకాలి అని డాక్టరు మీదనే లేచాడు. ఒక శుక్రవారం పొద్దున కోరుట్లలో, చాయ్ తాగుతూ పోయాడు.

సమాధుల తోట దాకా ఆయన బ్యాండే ఆయన్ని తీసుకుపోయింది. దారంతా దేవుని పాటలు వాయించారు. తోట దగ్గరికి వచ్చాక, ఎవరూ చెప్పకుండానే, ఆ పేరులేని పాట అందుకున్నారు. పెట్టెను గుంత పక్కన దించారు. పాస్టరుగారు బైబిలు తెరిచి నిలబడ్డారు. పాట ఆగలేదు. ఆయన బైబిలు మూసి మళ్లీ తెరిచారు. జనం ఒకరి మొఖాలు ఒకరు చూసుకుంటున్నారు. నర్సయ్య కాక డ్రమ్ము కొడుతూ, కన్నీళ్లు కారుతున్న మొఖంతో నా వైపే చూస్తున్నాడు. ఊదేవాళ్లందరూ నా వైపే చూస్తున్నారు. నేను ఎత్తితేనే ఆగాలి.

నా చెయ్యి లేవలేదు. ఎత్తితే పెద్దబాపు నిజంగా పోయినట్టే కదా. ట్రంపెట్టు పిల్లవాడికి పెదవులు వణుకుతున్నాయి. పెద్దమ్మ నిలబడలేక చోటు కోసం అటూ ఇటూ చూసింది. అది కూడా చూశాను. ఆ చూపు నాకు బాగా తెలుసు. అయినా ఎత్తలేదు. ఆమె పోయి మట్టిలో కూర్చుంది. ఆయన సొంతంగా అతికించుకున్న ఆ తప్పుడు ముక్క ఇంకొక్కసారి వచ్చేదాకా ఆగి, అప్పుడు ఎత్తాను.

ఇప్పుడు ఆదివారాలు ఎవరో ఒకరు చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "మేడం, ఇంకొంచెంసేపు ఉంచొచ్చు కదా" అంటారు. ఉంచను. ఎంత బతిమాలినా ఉంచను. ఆ ఇంకొంచెం నేను తీసుకున్నది ఒక్కనాడే. ఆయన ఉంటే అందరి ముందూ తిట్టేవాడు.